బొమ్మ ఫోను వెనుక మూత

అక్షరాలు, అంకెలు, దుఆలు పలికే బొమ్మ ఫోన్లను పసిపిల్లలకు కొనడం నేడు మన ఇళ్ళలో సాధారణమైపోయింది. దుకాణంలో మీటలు నొక్కి, అది ఏమేమి పలుకుతుందో వింటాము. అంతకు ముందే దానిని వెనక్కి తిప్పి చూడవలసి ఉంది.

బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉండాలి. గోటితో తెరుచుకొనేదైతే, ఎంత చక్కగా పలికినా తిరిగి ఇచ్చివేయవలసిందే. నాణెం వంటి బ్యాటరీని బిడ్డ మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కొని రెండు గంటలలోనే లోపలి పొరను కాల్చివేయగలదు. మింగినట్లు అనుమానం కలిగినా, వాంతి చేయించే ప్రయత్నం చేయక తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, అదీ చూడాలి. బిడ్డ ఫోనును చెవికి ఆనించుకొంటుంది గనుక, ముందుగా మన చెవికి ఆనించి శబ్దం ఎంతో తెలుసుకోవాలి.

మాటలు నేర్పడమంటారా, "ఎవరమ్మా, దాదీయా?" అని ఎదురుగా కూర్చొని మనం బదులు పలకాలి. దానికి పలకని చెక్క ఫోనైనా చాలు.

ఖుర్ఆన్ ఆయతులు వినిపించే రకం మాత్రం మాకు రుచించలేదు. బిడ్డ మరో మీట నొక్కగానే పారాయణం సగంలో తెగి, కోడికూత మొదలవుతుంది.