ముక్కాలి ముందు, కెమెరా తరువాత

షీట్ ఫిల్మ్ వాడే పెద్ద కెమెరా కొనదలచిన మిత్రులు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు: ఏ కెమెరా, ఏ లెన్సు, ఏ ఫిల్మ్? దానిని దేనిమీద నిలబెట్టాలన్న నాలుగవ ప్రశ్నకు మాత్రం చివర చేతిలో మిగిలిన డబ్బే జవాబు చెబుతుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంటుంది ఈ వరస. నా మతం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ముందు కొనవలసినది ముక్కాలి. కెమెరా ఆ తరువాత.

మాట దగ్గర మొదలుపెట్టడం పంతుళ్ళ అలవాటు. స్టూడియోలవాళ్ళు దీనిని స్టాండు అంటారు, కొత్త తరం ట్రైపాడ్ అంటుంది. ఆ ‘పాడ్’ గ్రీకు నుంచి వచ్చినది. మన సంస్కృత ‘పాద’ శబ్దానికి దాయాది. మన ఇళ్ళలోని ముక్కాలిపీటను ఒకసారి తలచుకోండి. నాలుగు కాళ్ళ బల్ల ఎగుడుదిగుడు మట్టినేల మీద ఒక కాలెత్తి కుంటుతుంది. మూడు కాళ్ళ పీట ఎక్కడ వేసినా మూడూ నేలకు ఆనుతాయి. అయితే కుంటకపోవడం వేరు, కదలకపోవడం వేరు. మొదటి గుణం మూడు కాళ్ళున్న ప్రతి వస్తువుకూ పుట్టుకతోనే వస్తుంది. రెండవదానికి డబ్బు పెట్టాలి, బరువు మోయాలి.

ఇంత స్థిరత్వం దేనికని అడగవచ్చు. 4×5 అంగుళాల ఫిల్మ్ వైశాల్యం మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ బొమ్మకు 13 రెట్ల దాకా ఉంటుంది. ఆ విస్తారం వల్ల దక్కే సూక్ష్మత కోసమే కదా ఎవరైనా ఈ శ్రమకు పూనుకునేది! శాసనం ఫొటో తీయడాన్నే ఉదాహరణగా తీసుకుందాం. అరిగిపోయిన రాతిమీద అక్షరం కనబడాలంటే ఏటవాలు వెలుతురు కావాలి. అది ఉదయం కొద్దిసేపు మాత్రమే ఉంటుంది. రాయి అంచు నుంచి అంచు దాకా స్ఫుటంగా రావాలంటే అపర్చరును ఎఫ్ 32 దాకా మూయాలి. ఎఫ్ 8 దగ్గర సెకనులో అరవయ్యవ వంతు చాలిన చోట, ఇక్కడ దానికి 16 రెట్లు, అంటే పావు సెకను పైన పడుతుంది. దగ్గరకు వెళ్ళి అక్షరాన్ని దాని అసలు పరిమాణంలోనే ఫిల్మ్ మీదకు తేవాలంటే కొలిమితిత్తి వంటి బెల్లోస్‌ను రెట్టింపు సాగదీయాలి. వెలుతురు నాలుగవ వంతుకు పడిపోతుంది. పావు సెకను ఒక సెకను అవుతుంది. మండపం లోపలి మసక చీకటిలోనైతే అది నిమిషం దాకా పోవచ్చు.

ఆ సెకను సేపు సాగిన బెల్లోస్ తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. స్టాండు వెంట్రుకవాసి వణికినా చాలు, రాతిమీద ఉన్నది పకారమో వకారమో ఆ ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. పైగా పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి, ఎండ, ఖరీదైన ఫిల్మ్, ఈ మూడూ కుదిరిన ఉదయాన్ని నాసిరకం కాళ్ళకు అప్పగించడం ఏమి వివేకం?

ఇక ఎంపిక సంగతి. పెట్టెమీద ‘ఇన్ని కిలోలు మోస్తుంది’ అని వేసే అంకెను నమ్ముకోవద్దు. దానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలమానమేదీ లేదు. మోయడం ఒక గుణం, మెలిపెడితే తిరగకపోవడం మరొక గుణం. మనకు కావలసినది రెండవది. నడుమ పైకి లేచే కడ్డీ ఉంటే దానిని పూర్తిగా దించే వాడాలి. లేకపోతే మరీ మంచిది. కాళ్ళలో అతుకులు ఎన్ని తక్కువైతే అంత బిగువు. బంతిలా తిరిగే బాల్‌హెడ్ చిన్న కెమెరాలకు సుఖమే గాని, బరువైన కెమెరా దాని మరను వదులు చేయగానే తల వాల్చేస్తుంది. మూడు దిక్కులకూ వేరువేరు పిడులున్న హెడ్డే దీనికి తగినది.

ఏ పదార్థం? గాజుపలకల కాలమంతా కర్ర స్టాండ్లదే. ఆరవ నిజాము కొలువులో ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ కాలం అది. కర్ర అదురును తనలోనే అణచుకుంటుంది. పల్నాటి మే నెల ఎండలో కూడా అల్యూమినియంలా చేతిని కాల్చదు. 1898లో జర్మనీలో మొదలైన బెర్లేబాఖ్ సంస్థ నేటికీ యాష్ కర్రతో కాళ్ళు చేస్తున్నది. కార్బన్ ఫైబర్ తేలిక, గట్టి. ధర మాత్రం గుండె గట్టివారికే. మధ్యతరగతివారికి నేను చెప్పే మార్గం వేరు: భూమి కొలిచే సర్వేయర్ల స్టాండు. నడుమ కడ్డీ ఉండదు, కాళ్ళకు నేలలో దిగే ఇనుప మొనలుంటాయి. దాని మర సాధారణంగా 5/8 అంగుళం, కెమెరా హెడ్డుది 3/8. ఆ తేడాను లేత్ మిషను పనివాడు ఒక ఇత్తడి ముక్కతో సరిచేసి ఇస్తాడు.

కొన్న స్టాండును పరీక్షించడానికి యంత్రాలు అక్కరలేదు. కెమెరాను ఎక్కించి, బెల్లోస్ పూర్తిగా సాగదీసి, గ్రౌండ్ గ్లాస్ మీది తలకిందుల బొమ్మను భూతద్దంతో చూస్తూ కెమెరా ముందుభాగాన్ని వేలితో తట్టండి. వణుకు వెంటనే ఆగితే స్టాండు మంచిది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టవలసి వస్తే కాదు.

మోయలేక ఇంట్లో వదిలేసే గట్టి స్టాండుకన్నా వెంట వచ్చే తేలిక స్టాండే మేలని కొందరంటారు. ఇది తోసివేయదగిన మాట కాదు. అరవై దాటిన నా మోకాళ్ళు కూడా ఆ పక్షమే. అయినా నా జవాబు ఒకటే. ఎత్తు తగ్గించుకోండి, బిగువు తగ్గించుకోవద్దు. ఛాతీ దాకా వచ్చే పొట్టి స్టాండు చాలు, తలవంచి చూడడంలో అవమానమేమీ లేదు. పది ఫిల్మ్ హోల్డర్లకు బదులు నాలుగు తీసుకువెళ్ళండి. కదలని నాలుగు బొమ్మలు వణికిన ఇరవైకన్నా ఎక్కువ.

కెమెరాలు చేతులు మారుతాయి, లెన్సులు మారుతాయి. మంచి ముక్కాలి మాత్రం ఒక్కసారి కొంటే మన తరువాతివాళ్ళకు కూడా మిగులుతుంది. కాబట్టి ఉన్న సొమ్ములో దాని వాటా మొదటే తీసి పక్కన పెట్టండి. మిగిలినదానితో ఎంత కెమెరా వస్తే అంతే మన కెమెరా.