పెట్టె అందం, చేతి కూలి

నిరుడు మా సంస్థ వార్షిక సమావేశంలో అతిథులకు పూలదండలకు బదులు చిన్న గుడ్డ పెట్టెలు ఇచ్చాం. బొటిక్‌లలో మిగిలిపోయిన పట్టు ముక్కలు, జరీ అంచులు అట్టకు అంటించి చేసినవి. ‘పారేసే ముక్కల్లోంచి స్త్రీలు ఇంత అందం తీశారు’ అని వేదిక మీద నేనే అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు. భోజనాల దగ్గర, ఆ పెట్టెలు చేసినావిడ నన్ను పక్కకు పిలిచి, "అన్నీ చెప్పారు మేడమ్, ఒక్కో పెట్టెకు ఎంతసేపు పడుతుందో మాత్రం చెప్పలేదు" అంది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

తర్వాతి వారం ఒక రోజంతా ఆమె ఇంట్లో కూర్చున్నాను. హైదరాబాద్ శివారు బస్తీలో ఒకే గది. వంట, పడక, పిల్లల చదువు, పెట్టెలు అన్నీ అక్కడే.

ముక్కలు మూటగా వస్తాయి. వాటిలో పనికొచ్చేవి ఏరాలి, రంగుల వారీగా విడదీయాలి, నలిగినవాటిని ఇస్త్రీ చేయాలి. ఈ పనికి కూలి లేదు. పట్టు ముక్క కత్తిరించగానే అంచున పోగులు లేస్తాయి, అందుకని మడతకు అర అంగుళం వదలాలి. ముక్క చిన్నదైతే ఆ అర అంగుళమే దొరకదు. అప్పుడు రెండు ముక్కలు అతికి కుట్టి, అతుకు కనపడకుండా పైన లేసు వేయాలి. జిగురు పల్చనైతే గుడ్డ పైకి తేలి మరకవుతుంది, చిక్కనైతే ఉండలు కడుతుంది. గుడ్డ మందాన్ని లెక్కలోకి తీసుకుని మూత అట్టను రవ్వంత పెద్దగా కోయాలి, లేకపోతే మూత దిగదు. ఇంతా చేశాక మూల దగ్గర ముడత కనిపిస్తే ఆ పెట్టె వాపసు వస్తుంది, దానికి పైసా రాదు. వానాకాలంలో ఏదీ ఆరదు, అట్ట మెత్తబడిపోతుంది.

"ముక్కలతో చెయ్యడం కంటే తాను గుడ్డతో చెయ్యడమే తేలిక మేడమ్" అందామె. నా చదువంతా ఆ మాట దగ్గర ఆగిపోయింది. మిగులు గుడ్డ వాడితే ఖర్చు తగ్గుతుందని శిక్షణ తరగతుల్లో చెబుతూ వచ్చాం. గుడ్డ మీద ఆదా అయిన డబ్బు ఎవరి వేళ్లనుంచి వస్తోందో ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు ఆమె 7 గంటలు పనిచేసింది. బడినుంచి వచ్చాక కూతురు గంటన్నర సాయం చేసింది. 6 పెట్టెలయ్యాయి. పెట్టెకు 18 రూపాయల చొప్పున 108. జిగురు, దారం ఆమెవే, అందులో 14 పోయాయి. మిగిలిన 94ని ఇద్దరి ఎనిమిదిన్నర గంటలతో భాగిస్తే గంటకు 11 రూపాయలు. ఇందులో గది అద్దె లేదు, ఇస్త్రీకి కాలిన కరెంటు లేదు. మా సంస్థ ఒక్కో పెట్టెకు శిక్షణ కేంద్రానికి 60 రూపాయలు ఇచ్చిందని తర్వాత రసీదులో చూశాను. ఆ కేంద్రం కూడా మహిళా సాధికారత పేరు మీదే నడుస్తోంది.

ఈ కథ మనకు కొత్తది కాదు. నరసాపురం ప్రాంతపు లేసు అల్లికల మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్న స్త్రీలను ‘ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులు’గా చూడడం వల్లే వాళ్ల కూలి అంత తక్కువలో నిలిచిందని ఆమె చూపించింది. ఘోషా పాటించే కులాల్లో గడప దాటకుండా చేసే పని గౌరవంగా కనిపించింది, ఆ గౌరవమే బేరమాడే శక్తిని మింగేసింది. ఆ పుస్తకాన్ని ఏళ్ల తరబడి చర్చించుకున్నవాళ్లమే, డ్వాక్రా రోజుల నుంచీ అప్పడాలు, కొవ్వొత్తులు, ఇప్పుడు గుడ్డ పెట్టెలు అంటూ ‘తీరిక వేళల్లో ఆదాయం’ అని కరపత్రాల్లో రాస్తున్నాం. తెల్లవారి 5 గంటలకు నీళ్ల కోసం లేచే మనిషికి తీరిక వేళ ఏదో ఆ కరపత్రం రాసినవాళ్లు చెప్పాలి. వాటిలో రెండు నేనే రాశాను.

చట్టంలో ఈ స్త్రీలు అసలే లేరనలేం. 1948 నాటి కనీస వేతనాల చట్టమే, సరుకు ఇంటికి తీసుకెళ్లి పనిచేసేవారిని ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర బీడీలు చుట్టేవారిని గుర్తించింది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ప్రకారం, ముడిసరుకు యజమాని ఇచ్చినా ఇవ్వకపోయినా, అతని కోసం తన ఇంట్లో కూలికి వస్తువులు తయారుచేసే మనిషి గృహ ఆధారిత కార్మికురాలే. ‘జిగురు ఆమే కొనుక్కుంది కాబట్టి ఆమె చిన్న వ్యాపారి’ అనే వాదన ఇక్కడ చెల్లదు. అయితే ఆర్డరు ఇచ్చినవాడి పేరు కాగితం మీద ఉంటేనే ఈ నిర్వచనం పనికొస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహ కార్మికుల కోసం 177వ ఒడంబడికను 1996లో ఆమోదించింది. మన దేశం దాన్ని ఇంతవరకూ ధ్రువీకరించలేదు.

‘ఏమీ లేనిదానికంటే నయం కదా’ అంటారు తోటి కార్యకర్తలు. నిజమే. ఆమె కూడా ఈ పని మానాలనుకోవడం లేదు. ఆకుపచ్చ పట్టు పక్కన ఏ అంచు నప్పుతుందో వెతుకుతున్నప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూశాను. దాన్ని దోపిడీ అనే ఒక్క మాటతో కొట్టిపారేస్తే నేను చూసినదానికి ద్రోహం చేసినట్టే. కానీ ఆమెకు పని మీద ఉన్న ఆ ఇష్టాన్ని కూడా ధరలోంచి తగ్గించుకుంటున్నాం. మగ దర్జీకి పని ఇష్టమైతే రవికె కూలి తగ్గించమని ఎవరూ అడగరు.

మార్కెట్‌ను తిట్టేముందు మన రసీదు పుస్తకాలు తెరవాలి. స్వచ్ఛంద సంస్థలు కొనే ప్రతి పెట్టెకూ ఎన్ని గంటలు పట్టిందో, చేసినామె చేతికి ఎంత వెళ్లిందో రాసి ఉండాలి. వాపసు వచ్చినదానికి కూడా సగం కూలైనా ఇవ్వాలి. శిక్షణ ఇచ్చేటప్పుడు అతకడం, కత్తిరించడంతో పాటు ధర కట్టడం నేర్పాలి. పదిమంది ఒకే ధర చెబితేనే అది నిలబడుతుంది, కాబట్టి సంఘం పెట్టుకోవడం పాఠంలో మొదటి రోజే రావాలి.

ఈ ఏడు సమావేశానికి 120 పెట్టెలు కావాలి. ఆమె, ఆ వీధిలో మరో నలుగురు కలిసి లెక్క వేసుకుని, జిగురు, దారం మనమిస్తే పెట్టెకు 50 రూపాయలన్నారు. శిక్షణ కేంద్రం ప్రమేయం లేకుండా నేరుగా వాళ్ల దగ్గరే కొందామని కార్యవర్గంలో ప్రతిపాదించాను. కేంద్రంతో సంబంధాలు చెడతాయని ఇద్దరు అభ్యంతరం చెప్పారు. వచ్చే నెల మళ్లీ చర్చకు పెడుతున్నాను, ఈసారి ఆ ఐదుగురినీ వెంట తీసుకెళ్తున్నాను.