డీజిల్ లెక్క గ్రామసభకు రావాలి

ఖమ్మం జిల్లా బోనకల్ మండల రైతులకు, కౌలుదారులకు, ట్రాక్టరు యజమానులకు, ఆటో నడిపే తమ్ముళ్లకు, 2025 డిసెంబరులో మనం ఎన్నుకున్న సర్పంచులకు, వార్డు సభ్యులకు విజ్ఞప్తి.

నిరుడు వానాకాలంలో యూరియా కోసం తెల్లవారకముందే సొసైటీల ముందు చెప్పులు, పాస్‌పుస్తకాలు వరుసలో పెట్టిన రోజులు ఎవరూ మరిచిపోయి ఉండరు. 2025 ఆగస్టులో రాష్ట్రమంతా అదే వరుస. కేంద్రం పంపలేదని కొందరు, రాష్ట్రం సరిగ్గా పంచలేదని కొందరు తిట్టుకున్నారు. ఆ తిట్ల మధ్య అసలు సంగతి మరుగున పడింది. యూరియా తయారయ్యేది సహజవాయువుతో. దేశం వాడే వాయువులో దాదాపు సగం ఓడల మీద దిగుమతి అవుతోంది. చాలని యూరియా కూడా బయటి నుంచే వస్తోంది. రామగుండం యూరియా ఫ్యాక్టరీలో యంత్రం ఆగినా, చైనా ఎగుమతులు బిగించినా, ఎర్రసముద్రంలో ఓడలు దారి మళ్లినా ఆ దెబ్బ మన సొసైటీ గేటు దాకా వస్తుంది. యూరియా లేకపోతే పైరు పచ్చబడదు. డీజిల్ లేకపోతే అసలు దుక్కే లేదు. దాని గురించి మాత్రం మన గ్రామసభల్లో ఒక్క మాటా వినపడదు.

చమురు అయిపోతోందా, లేదా అన్న వాదన ప్రపంచంలో డెబ్బై ఏళ్లుగా నడుస్తోంది. షెల్ కంపెనీలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త కింగ్ హబ్బర్ట్ 1956లో ఒక జోస్యం చెప్పాడు. అమెరికా చమురు ఉత్పత్తి 1965–70 మధ్య శిఖరానికి చేరి, అక్కడి నుంచి దిగుతుందన్నాడు. నవ్వారు. 1970లో రోజుకు 96 లక్షల పీపాల దగ్గర ఉత్పత్తి నిజంగానే తిరగబడింది. మూడేళ్లకు అరబ్బు దేశాలు సరఫరా బిగించాయి. మూడు డాలర్ల దగ్గరున్న పీపా 1974 జనవరికల్లా పన్నెండుకు పోయింది. పెట్రోలు ధరకు నిరసనగా వాజ్‌పేయి పార్లమెంటుకు ఎడ్లబండి మీద వెళ్లింది 1973 నవంబరులోనే. (ఢిల్లీలో అది నిరసన. ఆనాటి మన తాతలకు మాత్రం రోజూ ఎక్కే బండే.)

హబ్బర్ట్ మాట కూడా చివరిదాకా నిలవలేదు. రాతి పొరలను నీటి ఒత్తిడితో పగలగొట్టి చమురు తీసే షేల్ పద్ధతి వచ్చాక అమెరికా మళ్లీ ఎక్కింది. 2023లో రోజుకు కోటీ 29 లక్షల పీపాలు తీసింది. అక్కడి నుంచి వాదన తలకిందులైంది. చమురు తరగడం కాదు, చమురు అవసరమే 2030లోపు శిఖరానికి చేరి తగ్గుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో అన్నది. అలాంటిదేమీ లేదు, వాడకం ఇంకా పెరుగుతుందని చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ అంటోంది. 2025 వచ్చేసరికి ఆ ఇంధన సంస్థే, ఇప్పటి విధానాలు ఇలాగే సాగితే 2050 దాకా వాడకం పెరగొచ్చనే లెక్క కూడా ముందు పెట్టింది. పెద్దవాళ్లే ఏడాదికో మాట చెబుతుంటే మనం ఎవరిని నమ్మాలి?

నమ్మదగిన మాట ఒకటుంది. శిఖరం దాటిన మామూలు చమురు బావుల్లో దిగుబడి ఏటా సగటున 5.6 శాతం పడిపోతోందని ఆ సంస్థే 2025 సెప్టెంబరులో లెక్క తేల్చింది. చమురు, వాయువు తవ్వకాల మీద ప్రపంచం పెట్టే పెట్టుబడిలో దాదాపు 90 శాతం ఈ తరుగును పూడ్చడానికే పోతోంది. రోజుకు పది కోట్ల పీపాలకు పైగా వాడే ప్రపంచం ఉన్నచోట నిలబడటానికే అంత ఖర్చు పెడుతోంది. చమురు రేపే అయిపోదు. తేలిగ్గా దొరికే చమురు రోజులు మాత్రం వెనకబడ్డాయి.

ఇది అమెరికా కథేనంటారా? మన గోదావరి ముఖద్వారం చూడండి. కాకినాడ తీరానికి అవతల రిలయన్స్ 2002లో కనిపెట్టిన కేజీ–డీ6 వాయు క్షేత్రం 2009 ఏప్రిల్‌లో మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నారు. 2010లో 6 కోట్లు దాటింది. అదే శిఖరం. మూడేళ్లు తిరిగేసరికి అందులో నాలుగో వంతు కూడా రాలేదు. బావులు తక్కువ తవ్వారని ప్రభుత్వం, భూగర్భం అంచనాలకు అందలేదని కంపెనీ వాదించుకున్నాయి. ప్రపంచమంతా నడిచే వాదనకు మన తెలుగు నేల మీది రూపం ఇదే. మొదట తెరిచిన ఆ బావులు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మూతపడ్డాయి. వాటిని నమ్ముకుని కొండపల్లి, వేమగిరి లాంటి చోట్ల కట్టిన గ్యాసు కరెంటు కేంద్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. ఆ తర్వాత అదే సముద్రంలో కొత్త క్షేత్రాలు తెరుచుకున్నాయి, 2024 జనవరిలో ఓఎన్జీసీ లోతైన నీటి నుంచి చమురు కూడా తీసింది. కానీ దేశం మొత్తం మీద చూస్తే 2011–12లో 3.8 కోట్ల టన్నులున్న ముడిచమురు ఉత్పత్తి ఇప్పుడు 3 కోట్లకు లోపే. వాడే చమురులో 88 శాతం దాకా కొనుక్కునేదే. 2025 జూన్‌లో ఇరాన్ మీద బాంబులు పడ్డ పన్నెండు రోజులూ హోర్ముజ్ జలసంధి మూస్తారేమోనని మార్కెట్లు వణికాయి. ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు ఆ ఇరుకు దారిలోనే కదులుతుంది.

‘ధర పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, మన చేతిలో ఏముంది’ అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లకు ఒకటే మాట. పెరిగినప్పుడు పెరిగింది నిజం. తగ్గినప్పుడు మనకు తగ్గిందెప్పుడు?

2014 మధ్యలో 110 డాలర్లున్న పీపా 2016 జనవరికి 30 లోపుకు పడింది. ఆ సమయంలోనే, 2014 నవంబరుకూ 2016 జనవరికీ మధ్య, కేంద్రం తొమ్మిది దఫాలుగా డీజిల్ మీద ఎక్సైజ్ సుంకం లీటరుకు 13 రూపాయల 47 పైసలు పెంచింది. మన రాష్ట్రం 2015లో వ్యాట్‌ను 22.25 శాతం నుంచి 27 శాతానికి తీసుకుపోయింది. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్ 20న, అమెరికా ముడిచమురు వాయిదా ధర సున్నా కిందికి జారింది. కొనేవాడికే ఎదురు డబ్బిచ్చిన రోజది. రెండు వారాలకు డీజిల్ సుంకం ఒక్కసారిగా 13 రూపాయలు పెరిగింది. 2021 అక్టోబరులో మన బంకుల్లో లీటరు వంద దాటింది. తర్వాత సుంకం కొంత తగ్గించారు, ధర 95 దాకా దిగింది. గంటకింత అని పెంచిన ట్రాక్టరు కిరాయి మాత్రం దిగిన గుర్తు ఎవరికైనా ఉందా? ట్రాక్టరు యజమానిని అని లాభం లేదు. అతని కిస్తీలు అతనికున్నాయి.

చమురు కరువైతే ఆ భారం మనదే. చమురు పొంగిపొర్లినా సుంకం రూపంలో భారం మనదే. శిఖరం ఎప్పుడొస్తుందన్న వాదనలో ఎవరు గెలిచినా బోనకల్ రైతుకు ఒరిగేదేమీ లేదు. ధర మన చేతిలో లేదు. వాడకం ఎంతో కొంత మన చేతిలో ఉంది.

అందుకే అడుగుతున్నాం. జనవరి 26 గ్రామసభలో ప్రతి పంచాయతీ తన ఊరి డీజిల్ లెక్క రాయాలి. ఎన్ని ట్రాక్టర్లు, ఎన్ని కోత మిషన్లు, ఎన్ని ఆటోలు, కాలువ గట్ల మీద ఎన్ని ఆయిల్ ఇంజన్లు, ఏ పనికి ఎన్ని లీటర్లు. దీనికి ఇంజనీర్లు అక్కర్లేదు, నలుగురు ట్రాక్టరు డ్రైవర్లు అరుగు మీద కూర్చుంటే పూటలో తేలుతుంది. మాటవరసకు ఎకరానికి దుక్కి, దమ్ము, కోత, మోత అన్నీ కలిపి 25 లీటర్లే అనుకుందాం. రెండు వేల ఎకరాలు సాగయ్యే ఊరికి 50 వేల లీటర్లు. రూపాయల్లో 47 లక్షల పైమాట. అందులో రాష్ట్ర వ్యాట్ లీటరుకు సుమారు 20 రూపాయల చొప్పున పది లక్షలు. ఇంత డబ్బు ఏటా ఊరు దాటిపోతుంటే ఏ పద్దులోనూ కనపడదు.

లెక్క చేతికొస్తే మొదట తగిలేది దమ్ము. కేజ్ వీల్స్‌తో బురదలో రెండు మూడు సార్లు తిప్పే ఆ పని వరిలో పెద్ద డీజిల్ ఖర్చు. వెద పద్ధతిలో పొడి దుక్కిలో విత్తనం వేస్తే దమ్మూ ఉండదు, నారూ నాటూ ఉండవు, సాగర్ కాలువ నీళ్లు ఆలస్యమైనా వానకే మొలుస్తుంది. కలుపు బెడద మాట నిజమే. మొదటి నెల కలుపు మీద కన్ను వేయని వాడికి వెద సాగు నష్టమే మిగులుస్తుంది. కాబట్టి ఊరంతా ఒకేసారి మారాలని అనడం లేదు. ఊరికి పదిమంది రైతులు, తలా ఎకరం, వ్యవసాయ విస్తరణ అధికారి పక్కన నిలబడి చేయించాలి. పంట చేతికొచ్చాక ఖర్చు బయటపెట్టాలి.

రెండోది మోత. మిర్చి కోతల కాలంలో రావినూతల నుంచో ముష్టికుంట్ల నుంచో ఒక్కో రైతు పది పదిహేను బస్తాలకు విడిగా ట్రాలీ ఆటో కట్టించుకుని ఖమ్మం మార్కెట్‌కు పోతాడు. ఒకే రోజు, ఒకే దారి, సగం ఖాళీ బండి. వారానికి రెండు రోజులు ఊరుమ్మడిగా లారీ పెడితే కిరాయి దిగుతుంది, డీజిల్ మిగులుతుంది, యార్డులో పదిమంది కలిసి నిలబడితే ధర అడిగే గొంతూ పెరుగుతుంది. మనుషుల రాకపోకలకు ఆర్టీసీ ఉంది. పొద్దునా సాయంత్రం ప్రతి ఊరికీ బస్సు తిప్పాలని తీర్మానం చేసి పంపాలి. ఒక బస్సు నిండితే పది ఆటోల డీజిల్ ఆదా. ఆటో తమ్ముళ్ల పొట్ట కొట్టాలని మాత్రం కాదు. కరెంటు ఆటోకు మారేవాళ్లకు సొసైటీ పూచీతో తక్కువ వడ్డీ అప్పు ఇప్పించమని అదే తీర్మానంలో రాయాలి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది. సేద్యానికి వాడే డీజిల్ మీద వసూలు చేసే వ్యాట్‌లో కొంత వాటా ఏటా మన సహకార సొసైటీకి తిరిగి రావాలి. దానితో ఉమ్మడి యంత్రాల కేంద్రం నడవాలి. డ్రమ్ సీడర్, వెద గొర్రు లాంటివి సన్నకారు రైతుకు, కౌలుదారుకు నామమాత్రపు కిరాయికి దొరకాలి. పట్టా ఉన్నవాడికే అని మెలిక పెడితే ఈ పథకమే వద్దు. కాలువల, వాగుల వెంట ఉన్న ఆయిల్ ఇంజన్ల స్థానంలో కేంద్రం కుసుమ్ పథకం కింద సోలార్ మోటార్లు మన మండలానికి ముందుగా మంజూరు చేయాలి.

ప్రత్యామ్నాయ ఇంధనం పేరుతో వచ్చే ప్రతిదానికీ తల ఊపమని ఈ కరపత్రం చెప్పదు. ఇరవై ఏళ్ల కింద అడవి ఆముదం వేస్తే బీడు భూములు బంగారమవుతాయన్నారు. ఆ మొక్కలూ లేవు, కొంటామన్నవాళ్లూ లేరు. ఇథనాల్ పెట్రోలులో కలుస్తుంది గానీ రైతు పోసేది డీజిల్. పైగా ఇథనాల్ ఫ్యాక్టరీ ఊరి పక్కన వద్దని 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కారు. దీనికి భిన్నంగా అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గోండు మహిళలు కానుగ చెట్ల నూనె మీద ఆధారపడి, 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపుకు గాను 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. చిన్న సొమ్మే. కానీ చెట్లు వాళ్లవి, నూనె వాళ్లది, లెక్క వాళ్లది.

కోత మిషన్‌కు ఇప్పట్లో బదులు లేదు. కరెంటు ట్రాక్టరు ధర మన అందుబాటులో లేదు. అవి వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు.

కొత్త పంచాయతీ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. జనవరి 26న జెండా వందనం కాగానే మిఠాయి తీసుకుని ఇంటికి వెళ్లిపోకండి. కూర్చోండి. డీజిల్ లెక్క రాయించండి, తీర్మానం చదివించండి, మీ సంతకం పెట్టండి.

– బోనకల్ మండల సాటి రైతులు