ఫోన్లోకి వచ్చిన పటాలం

రష్యాకూ ఉక్రెయిన్‌కూ యుద్ధమొస్తే మన వాడలకేం సంబంధం అనుకునేవాళ్లు 2024 మార్చి నాటి పేపర్లు ఒకసారి తిరగేయాలి. హైదరాబాద్ నుంచి పోయిన ఒక యువకుడు రష్యాలో చనిపోయాడని మాస్కోలోని మన రాయబార కార్యాలయం ఆ నెలలో చెప్పింది. అతను సిపాయి అవుదామని పోలేదు. బతుకుదెరువు కోసం పోయాడు. తీసుకుపోయిన వాళ్లు పటాలంలో చేర్చారు, తుపాకి ఇచ్చారు, యుద్ధభూమికి తోలారు.

ఈ వలకు ఎర ఒక యూట్యూబ్ వీడియో. దుబాయ్ కేంద్రంగా ఉన్న ఒక ఏజెంటు రష్యా వీధుల్లో నడుచుకుంటూ మాట్లాడతాడు. ముందువరుసకు పోయే పనే లేదంటాడు, అన్నీ సాయం పనులేనంటాడు. ఏడాది చేస్తే అక్కడే ఉండిపోయే కాగితాలొస్తాయంటాడు. చూసినవాడు ఫోన్ చేస్తాడు. అప్పో సప్పో చేసి లక్షలు కడతాడు. అక్కడ దిగినాక రష్యన్ భాషలో ఒక కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమంటారు. ఆ కాగితంలో ఏముందో చదవగలిగినవాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు. గుజరాత్, కాశ్మీర్, పంజాబ్, కేరళ, ఉత్తరప్రదేశ్, కర్ణాటక, మన తెలంగాణ, అన్ని చోట్ల నుంచీ ఇట్లా పోయినవాళ్లున్నారు. 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. యూట్యూబ్ లాంటి వాటి ద్వారానూ, ఊళ్లలోని ఏజెంట్ల ద్వారానూ పిల్లల్ని పోగుచేశారని ఆ సీబీఐయే చెప్పింది. 2025 జనవరి 17న విదేశాంగ శాఖ ఇచ్చిన లెక్క ప్రకారం రష్యా సైన్యంలో చేరినట్టు తేలినవాళ్లు అప్పటికి 126 మంది. 96 మంది తిరిగొచ్చారు. 12 మంది చనిపోయారు. 16 మంది జాడ లేదు.

నారాయణపేట కుర్రవాడొకడు 2024 సెప్టెంబరులో ప్రాణాలతో ఇల్లు చేరాడు. అతనూ అతని తోటివాళ్లూ మమ్మల్ని కాపాడండని వీడియోలు పంపితేనే లోకానికి సంగతి తెలిసింది. అంటే ముంచిందీ ఫోనే, మొర వినిపించిందీ ఫోనే. ఫోను పాడుగాను అని తిట్టి ఊరుకుంటే సరిపోదు.

చదవని కాగితం మీద సంతకం మన వాడలకు కొత్తా? మన తాతలు జీతగాళ్లుగా కుదిరేటప్పుడు దొర గుమాస్తా రాసిన కాగితం మీద వేలిముద్ర వేశారు. అందులో ఎంత అప్పు రాశాడో, వడ్డీ ఎంతో, కొడుకు కూడా ఆ అప్పు కింద చాకిరీ చెయ్యాలని రాశాడో లేదో వాళ్లకు తెలియదు. ఆ వేలిముద్ర పోవాలనే గదా మనం బడికి పోయింది, రాత్రిబడులు పెట్టుకుంది! ఇప్పుడు మన పిల్లవాడు డిగ్రీ చదివాడు. ఫోన్లో ‘అంగీకరిస్తున్నాను’ అన్న చోట వేలు నొక్కుతాడు. పైనున్న పది పేజీల ఇంగ్లీషు చదవడు. అది కూడా వేలిముద్రే.

ఇక మన దేశపు సైన్యం సంగతి. సైన్యంలో చేర్చుకోవడమంటే ఒకప్పుడు పదిమందీ చూసే పని. పేపర్లో ప్రకటన పడేది. ఏ స్టేడియంలోనో సెలక్షన్లు పెట్టేవాళ్లు. ఊళ్లోంచి పదిమంది కుర్రాళ్లు కలిసి బస్సెక్కి గుంటూరుకో, విశాఖకో, సికింద్రాబాద్‌కో పోయి, రాత్రి ఫుట్‌పాత్ మీద పడుకుని, తెల్లారి 1600 మీటర్లు పరిగెత్తేవాళ్లు. ఎవడు నెగ్గాడో, ఎవడు ఛాతీ కొలతలో పోయాడో సాయంత్రానికి వాడంతా తెలిసేది. ఆ పద్ధతి గొప్పదని మేము అనడం లేదు. వేలమందిని ఎండలో నిలబెట్టి తొక్కిసలాటలు తెచ్చిన పద్ధతి అది. దళారులు అప్పుడూ ఉన్నారు. కాకపోతే ఆ దళారి ముఖం ఊరికి తెలుసు, ఇల్లు తెలుసు. మోసపోతే పోయి వాడి గుమ్మం ముందు కూచునే వీలుండేది.

2023లో వరస తిరగబడింది. ముందు కంప్యూటర్ మీద పరీక్ష, అందులో నెగ్గితేనే పరుగు. పరీక్ష ఫీజు 500 అయితే సగం సైన్యం భరించి అభ్యర్థి దగ్గర 250 తీసుకుంది. రద్దీ తగ్గుతుంది, దారిఖర్చు మిగులుతుంది. అది నిజమే. కానీ ఎవరికి మిగులుతుంది? నాలుగేళ్లుగా తెల్లవారుజామున రోడ్డు మీద పరుగుతీసిన కూలివాడి కొడుకు కాళ్ల బలం ఎవరూ చూడకముందే వెనక్కి పోతున్నాడు. మౌసు పట్టుకోవడం అలవాటున్నవాడు, కోచింగుకు డబ్బు కట్టగలిగినవాడు ముందు జల్లెడ దాటుతున్నాడు. మొదట పరీక్ష హిందీ, ఇంగ్లీషుల్లోనే. తెలుగుతో కలిపి 13 భాషల్లో రాసే వీలు 2025లో గాని రాలేదు. ఇక కంప్యూటరొస్తే దళారి పోతాడంటారా, 2021 ఫిబ్రవరిలో సైన్యం రాతపరీక్ష పేపరే బయటికి పొక్కి దేశమంతా పరీక్ష రద్దు చేశారు. దళారి పోలేదు, అకాడమీ బోర్డు కట్టుకున్నాడు. ఇప్పుడు టెలిగ్రామ్ చానల్ కూడా పెట్టాడు.

ఈ ఫోన్ల మధ్య పిల్లలు ఎట్లా నలిగిపోతారో 2022 జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్‌లో చూశాం. పరుగు నెగ్గి, డాక్టరు పరీక్ష నెగ్గి, రాతపరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న కుర్రాళ్లు వాళ్లు. జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు, పాత సెలక్షన్లు గాలికి పోయాయి. 17న వాట్సాప్ గ్రూపుల్లో కబురందుకుని స్టేషన్‌కు చేరారు. రైళ్లు తగలబడ్డాయి. కాల్పుల్లో వరంగల్ జిల్లా బిడ్డ ఒకడు చనిపోయాడు. తర్వాత అవే వాట్సాప్ గ్రూపులు పట్టుకుని పోలీసులు ఒక్కొక్కణ్ణీ ఏరారు. అల్లర్లలో లేనని రాసివ్వాలి, పోలీసు విచారణలో అది తేలాలి, కేసుంటే చేరనివ్వమని జూన్ 19న సైన్యాధికారులు చెప్పారు. కేంద్రం 35 వాట్సాప్ గ్రూపుల్ని నిషేధించింది. పిల్లల్ని రెచ్చగొట్టి పంపారని పేరొచ్చిన అకాడమీల మీద కేసులు పడ్డాయి గాని, పిల్లల బతుకులు మాత్రం స్టేషన్ రికార్డుల్లో ఇరుక్కుపోయాయి.

యూనిఫాం కోసం ఎందుకింత పాకులాట అని పట్నం మేధావులు అడుగుతుంటారు. వాళ్లకు తెలియదు. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సుబేదారు. సైన్యంలో చదువుండబట్టే ఆ ఇంట్లో చదువుంది. అట్లాంటి మహర్లను 1890లలో తెల్లదొరలు యుద్ధజాతి కాదని చేర్చుకోవడం మానేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు కావలసొచ్చి 1917లో మహర్ పటాలం పెట్టి, 1921లో ఎత్తేశారు. మళ్లీ యుద్ధమొస్తే 1941లో మహర్ రెజిమెంటు వచ్చింది. 1943లో చమార్ రెజిమెంటు పెట్టి 1946లో రద్దు చేశారు. అవసరముంటే తలుపు తీస్తారు, తీరితే మూస్తారు. స్వరాజ్యం వచ్చాక కూడా సిపాయి ఉద్యోగాల్లో ఎస్సీ ఎస్టీలకు రిజర్వేషన్ ఇవ్వలేదు. అయినా మన పిల్లవాడు పరిగెత్తుతున్నాడు. ఎందుకంటే ఆ బట్టలేసుకుని ఊళ్లోకొస్తే పెత్తందారు ‘ఒరే’ అనడానికి వెనకాడతాడు. ఆ కోరికను మేము తప్పు పట్టం.

ఆ కోరికను అమ్ముకునే వాళ్లతోనే మా పేచీ. అమెరికా సైన్యం 2002లోనే ఒక యుద్ధపు వీడియో గేమ్ తయారుచేసి ఉచితంగా పంచింది. 2022 దాకా నడిపింది. ఆడుకునే పిల్లల్ని పటాలం వైపు తిప్పుకోవడమే దాని పని. మన దగ్గర ఆ పని రీల్ చేస్తోంది. మంచుకొండలు, తుపాకి, వెనక పాట, ముప్ఫై సెకన్లు. మన చెయ్యి ఏ వీడియో మీద ఆగిందో ఆ కంపెనీలు కనిపెట్టి అట్లాంటివే మరో వంద మన ముందు పోస్తాయి. నాలుగేళ్ల తర్వాత నూటికి 25 మందికి మించి ఉంచరన్న మాట ఆ రీల్‌లో ఉండదు. మొదటి ఏడు జీతం 30,000 అయితే చేతికొచ్చేది 21,000. మిగతాది నిధికి పోయి చివర్న సుమారు 11 లక్షల 71 వేలుగా వస్తుంది. పెన్షన్ లేదు. 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో చనిపోయిన మురళీ నాయక్ శ్రీసత్యసాయి జిల్లా తండా బిడ్డ. అతను అగ్నివీరుడే. చనిపోయాక అతని రీళ్లు లక్షలమంది చూశారు. మామూలు సిపాయి చనిపోతే ఇంటికొచ్చే కుటుంబ పెన్షన్ అగ్నివీరుడి ఇంటికి లేదన్న సంగతి చూసినవాళ్లలో ఎంతమందికి తెలుసు?

సంఘాలు చెయ్యాల్సిన పని పెద్దదేం కాదు. ఏ కుర్రవాడు అర్జీ పెట్టినా ఒంటరిగా పెట్టకుండా చూడాలి. వాడలో చదువుకున్నవాళ్లు వారానికో సాయంత్రం సంఘం అరుగు మీద కూచుని ప్రకటన మొత్తం తెలుగులో చదివి చెప్పాలి, తల్లిదండ్రుల ఎదుట చెప్పాలి. మన సైన్యానికి అర్జీ పెట్టే సైటు ఒక్కటే, జాయిన్ ఇండియన్ ఆర్మీ డాట్ ఎన్ఐసి డాట్ ఇన్. పరీక్ష ఫీజు తప్ప చేర్పిస్తానని ఎవడు పైసా అడిగినా దొంగే. విదేశాలకు పంపుతానన్నవాడికి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులోనూ అడగొచ్చు. లైసెన్సున్న ఏజెంటు కూడా 30,000, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. మనకు రాని భాషలో కాగితం పెడితే ఫోటో తీసి ఇంటికి పంపందే సంతకం చెయ్యొద్దని పోయేవాడికి ముందే చెప్పి పంపాలి.

ఇప్పటికే డబ్బు కట్టి, బయటికి చెప్పుకోలేక లోపల కుమిలిపోతున్న కుర్రాళ్లు ప్రతి మండలంలోనూ ఒకరిద్దరు ఉండొచ్చు. పరువు పోతుందని దాచుకుంటారు. కార్యకర్తలు ముందు వాళ్ల ఇళ్లకు పోవాలి. కట్టిన రసీదులు, ఫోన్లో మిగిలిన మెసేజీలు చెరిపెయ్యకుండా పట్టుకుని వాళ్లతో పాటు పోలీసు స్టేషన్ మెట్లెక్కాలి.