దీనివల్ల ఏం లాభమంట?

మా తమ్ముడికి ప్రపంచం మీద ఒకే ఒక్క ప్రశ్న ఉంది. నేను పెరట్లో సన్నజాజికి పందిరి వేయిస్తే అదే అడిగాడు. పాత పుస్తకాలకు అట్టలు వేసుకుంటుంటే అదే అడిగాడు. మొన్న వాడి కూతురు బి.యస్సీ. పాసై, ఎం.యస్సీ. ఫిజిక్సులో చేరతాననీ, ఆ పైన పార్టికిల్ యాక్సిలరేటర్ల మీద పరిశోధన చేస్తాననీ అన్నప్పుడూ అదే అడిగాడు.

"యాక్సిలరేటరంటే స్కూటరుకు ఉంటుందే, అదా?"

"అది కాదు నాన్నా. అణువు లోపలి కణాల్ని బ్రహ్మాండమైన వేగంతో పరుగెత్తించే యంత్రం."

"కణాలు పరుగెత్తితే మనకేందంట లాభం?"

పిల్ల నా వంక చూసింది. నేను చదివింది తెలుగు బి.ఏ. అయినా ఆ ప్రశ్న మీద నాకు నలభై ఏళ్ళ కసి ఉంది. పిల్ల తెచ్చిచ్చిన పుస్తకాలు నెల రోజులు ముందేసుకుని కూర్చున్నాను. అర్థమైనంత అయింది, కానిది దాన్నే అడిగాను.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ ప్రశ్న మా తమ్ముడొక్కడిదే కాదు. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడల్లా మా మైపాడు తీరాన వీధి వీధంతా మిద్దెలెక్కి దక్షిణం వైపు చూస్తుంది. ఆ పొగచార గాలికి వంకర తిరిగేలోపే ఎవరో ఒకరు, చాలాసార్లు ఆడవాళ్ళమే, "ఎన్ని కోట్లో గదా! ఆ డబ్బుతో ఊరికి మంచినీళ్ళన్నా వచ్చుండును" అంటాం. 2023 సెప్టెంబర్ 2న ఆదిత్య ఎల్-1 వెళ్ళినప్పుడు నేనూ అన్నాను. సూర్యుణ్ణి చూడ్డానికి అంత ఖర్చెందుకు, తూర్పు వాకిలి తీస్తే కనపడతాడు గదా అని! తీరా చూస్తే సూర్యుడూ ఒక యాక్సిలరేటరేనట. సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో కణాల్ని విసురుతూ ఉంటాడట. వాటిని పట్టి లెక్కపెట్టే పరికరాలతో ఆదిత్య 2024 జనవరి 6న మనకు 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన చోటికి చేరుకుంది. అంటే మన మిద్దెల మీంచి చూస్తూ మనమంతా సణుక్కున్నది ఈ విద్య గురించేనన్నమాట.

ఇక మనిషి చేసిన యాక్సిలరేటర్లలో అన్నిటికన్నా పెద్దది జెనీవా దగ్గర సెర్న్ అనే సంస్థలో ఉంది. భూమికి వంద మీటర్ల లోతున 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం. కాస్త అటూ ఇటూగా మేము మైపాడు నుంచి నెల్లూరు బజారుకు పోయినంత దూరం. ఆ దూరాన్ని ప్రోటాన్లు సెకనుకు పదకొండు వేల సార్లు చుట్టివస్తాయి. సగం ఇటు నుంచి, సగం అటు నుంచి. చివరికి ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటాయి.

ఎందుకు గుద్దించడం? లోపల ఏముందో చూడ్డానికి అంటే అది సగం జవాబే. రెండు టెంకాయలు ఎదురెదురు కొడితే చిప్పలు, నీళ్ళు రావాలి. ఇక్కడ అట్లా కాదు. ఆ వేగంలో ఉన్న శక్తే పదార్థంగా మారిపోతుంది. టెంకాయలు కొడితే గుమ్మడికాయ బయటపడుతుంది, అదీ టెంకాయ కన్నా ఎన్నో రెట్లు బరువైనది! ఆ గుమ్మడికాయ రెప్పపాటులో కోటానుకోట్ల వంతు కూడా నిలవదు. చెదిరిన ముక్కల్ని బట్టి అదేమిటో పోల్చుకోవాలి. సృష్టి మొదలైన తొలి క్షణంలో ఇటువంటివి బోలెడు ఉండేవట. ఆ క్షణాన్ని వేలెడు చోటులో మళ్ళీ పుట్టించి చూసుకోవడం, అదీ ఆ యంత్రం పని.

అట్లా దొరికిందే హిగ్స్ బోసాన్. అటువంటిది ఉండి తీరాలని 1964లో లెక్క కట్టారు. దొరికిందని 2012 జూలై 4న ప్రకటించారు. నలభై ఎనిమిదేళ్ళు! మనం పోయిన ముక్కుపుడకను నలభై ఎనిమిది రోజులు వెతకం. ఇంతకూ అది తేల్చిన సంగతేమిటంటే, ఎలక్ట్రాన్ వంటి కణాలకు బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందీ అని. ఎలక్ట్రాన్‌కు బరువే లేకపోతే అణువు కట్టుకోదు. అణువు లేకపోతే మీరూ లేరు, నేనూ లేను, మా తమ్ముడి రొయ్యలూ లేవు. (బోసాన్ అన్న పేరులోని బోసు మన సత్యేంద్రనాథ్ బోసే. సెర్న్ ఆవరణలో 2004లో మన దేశం ఇచ్చిన నటరాజ విగ్రహం ఉంది. సొరంగంలో ముప్పై టన్నుల పైబడ్డ అయస్కాంతాలను వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టే జాకీలు వేలకు వేలు ఇక్కడ తయారై వెళ్ళాయి.)

ఇదంతా తమ్ముడు శ్రద్ధగా విన్నాడు. విని, "సరేనక్కా, బరువు సంగతి తేలింది. మరి రేటెంత?" అన్నాడు.

ఇంతలో పిల్ల తరఫున మాట్లాడ్డానికి వచ్చిన లెక్చరరుగారు అందుకున్నారు. "అయ్యా, క్యాన్సరుకు కరెంటు పెడతారు చూడండి, ఆ మెషీను కూడా యాక్సిలరేటరే." తమ్ముడి మొహం మారిపోయింది. మా మరదలికి ఆరేళ్ళ కిందట రొమ్ము క్యాన్సరు వచ్చింది. ఐదు వారాలు కరెంటు పెట్టించాం. "అట్టయితే పనికొచ్చేదే!" అన్నాడు.

అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మరదలు బతికి వంటింట్లో తిరుగుతున్నందుకు ఆ యంత్రానికి దణ్ణం పెడతాను. కానీ అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. 1931లో అమెరికాలో లారెన్స్ అనే ఆయన చేసిన సైక్లోట్రాన్ అరచేతిలో పట్టేంత. అణువు గుండెలో ఏముందో చూడాలన్నదే ఆయన కోరిక. 1937లో ఆయన తల్లికి గర్భాశయంలో క్యాన్సరు వచ్చింది, ఆపరేషనుకు లొంగదని డాక్టర్లు చేతులెత్తేశారు. ఆయన ప్రయోగశాల పనుల్లోంచి అప్పటికే పుట్టిన పది లక్షల వోల్టుల ఎక్స్‌రే గొట్టం ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. దాంతో చికిత్స చేస్తే ఆ తల్లి ఎనభై దాటి బతికింది. అమ్మ కోసమే యంత్రం చెయ్యాలనుకుని ఉంటే ఆయన 1937లో మొదలుపెట్టాల్సి వచ్చేది. అప్పటికి ఆవిడ ఉండేదా? లాభం ముందు చూపించు, తర్వాత తెలుసుకో అంటే ఇటు తెలుసుకోవడమూ లేదు, అటు లాభమూ లేదు.

1969లో రాబర్ట్ విల్సన్ అనే శాస్త్రవేత్త యాక్సిలరేటరుకు డబ్బు అడగబోతే, దేశరక్షణకు ఇదెట్లా పనికొస్తుందని అమెరికా పార్లమెంటు కమిటీ గుచ్చి గుచ్చి అడిగింది. రక్షణకు నేరుగా పనికిరాదు, రక్షించుకోదగ్గ దేశంగా ఉండటానికి పనికొస్తుంది అని ఆయన చెప్పాడట. ఆ ధైర్యం మన లెక్చరరుగారికి లేకపోయింది.

మంచినీళ్ళ మాటను తేలిగ్గా తీసెయ్యను. బిందె పట్టుకుని వీధికుళాయి దగ్గర నిలబడ్డదాన్నే. కానీ పరిశోధన ఆపితే ఆ డబ్బు తిన్నగా కుళాయిలోకి వస్తుందని ఎవరు చెప్పారు? 1993లో అమెరికాలోనే టెక్సాస్‌లో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వి, రెండు వందల కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి, ఆనక దండగని ఆపేశారు. ఆ మిగిలిన డబ్బుతో బీదల ఇళ్ళకు నీళ్ళొచ్చాయని నేనెక్కడా చదవలేదు. ఆ మాటకొస్తే మా తమ్ముడి గృహప్రవేశానికి నెత్తి మీద డ్రోను కెమెరా తిరిగింది. ఏం లాభమని దాన్నెవరూ అడగలేదు. తెల్లమచ్చ రోగం వస్తే గుంట గుంటంతా పోతుందని తెలిసీ ఏటా రొయ్యపిల్లను నమ్మి లక్షలు పోస్తాడు. కన్నపిల్లను నమ్మడానికి మాత్రం రసీదు కావాలి.

తెలుసుకోవాలనే కోరిక ఎవరికి కలిగిందన్న దాన్ని బట్టి కూడా మన మర్యాద మారుతుంది. గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసం పుచ్చుకుని, హిమాలయాల్లో సాధన చేసి, పిమ్మట యూరప్ వెళ్ళి ఫిజిక్సు చదివి, ఆంధ్రా యూనివర్శిటీలో న్యూక్లియర్ ఫిజిక్సు శాఖ పెట్టారు. మహానుభావుడని చేతులు జోడిస్తాం, జోడించాలి కూడా. అదే కోరిక ఆడపిల్ల నోటి వెంట వస్తే జీతమెంత, పెళ్ళెప్పుడు అంటాం.

కలకత్తాలో బిభా చౌధురి అని ఒకావిడ ఉండేది. యాక్సిలరేటర్లు మనకు లేని రోజుల్లో ఆకాశం నుంచి పడే కణాల కోసం డార్జిలింగ్ కొండల మీద ఫోటో పలకలు పెట్టి, డి.యం. బోసుగారితో కలిసి కొత్త కణాల జాడ పట్టింది. యుద్ధం రోజుల్లో మేలురకం పలకలు దొరకలేదు. పని అక్కడే ఆగింది. అదే పద్ధతిలో మెరుగైన పలకలతో పని సాగించిన ఇంగ్లండు శాస్త్రవేత్త పావెల్‌కు 1950లో నోబెల్ వచ్చింది. 2019లో ఒక నక్షత్రానికి బిభా అని పేరు పెట్టారు. పలకలు కావలసినప్పుడు పలకలు లేవు, పోయాక నక్షత్రం!

లెక్చరరుగారు వెళ్ళిపోయాక, అందాకా నోరు మెదపని మా మరదలు కూతురి పక్కన వచ్చి కూర్చుంది.

"ఆ మెషీను నా చుట్టూ తిరిగేది గదా. దాంట్లో ఏముంటుందే?"

"ఆరేళ్ళయింది, ఇన్నాళ్ళూ అడగలేదేం?" అన్నాను.

"ఆడనే ఒక పిలకాయను అడిగినా వదినా. నీకెందుకమ్మా, కదలకుండా పడుకో అన్నాడు."

పిల్ల క్యాలెండరు కాగితం వెనక బొమ్మ గీసింది. రాగి గొట్టం, దాంట్లో ఎలక్ట్రాన్లు. మనింట్లో అన్నం వెచ్చబెట్టే ఓవెన్లో ఉండే తరంగాల వంటివే వాటిని వెనక నుంచి తోస్తాయి. చివర టంగ్‌స్టన్ బిళ్ళ. దానికి కొట్టుకుని ఎక్స్‌రేలు పుడతాయి. మరదలు బొమ్మ మీద వేలు పెట్టి, "మరి ఇట్టా వంగేదెట్టా?" అంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఇద్దరూ లేవలేదు. నేనే వెళ్ళి కట్టేశాను.

తమ్ముడు ఇంకా ఫీజు కట్టలేదు. ఆఖరి తేదీకి పది రోజులుంది. ఈ వారం పత్రిక వాళ్ళింటికి వెళుతుంది, చదువుతాడు. చదివి, "ఇట్టా రాస్తే నీకేం లాభమక్కా?" అని ఫోను చేస్తాడు.