మగ్గం గుంత లేని ఇల్లు

'పరిసరాలకు తగిన ఇల్లు' అనే మాట ఆర్కిటెక్టుల నోట తరచుగా వింటున్నాం. ఎండకూ గాలికీ అనుగుణంగా, దగ్గర్లో దొరికే రాయితో, మట్టితో, ఊరి పాత ఇళ్ల పోలికలో కట్టాలంటారు. మంచి మాటే. ఒకే అచ్చులో పోసినట్టున్న సిమెంటు కాలనీలు చూసి విసిగిన మనకు నచ్చుతుంది కూడా. కానీ పరిసరాలంటే ఎండా, గాలీ, రాయీ మాత్రమేనా? ఆ ఇంట్లో తెల్లవారుజామున లేచి రాత్రి అందరి తర్వాత నడుం వాల్చే మనిషి శ్రమ పరిసరాల్లోకి రాదా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు, ఉరవకొండలో దొరికింది. కొన్నేళ్ల క్రితం చేనేత కుటుంబాల్లో స్త్రీల పని గంటల గురించి వివరాలు సేకరిస్తూ అక్కడ ఉన్నాను. పట్నం నుంచి ఒక యువ ఆర్కిటెక్టు వచ్చాడు. మట్టి మిద్దెలను చూసి ముచ్చటపడ్డాడు. ఇలాంటి ఇళ్లనే మళ్లీ కట్టాలని, ఇవి ఈ నేలలోంచి పుట్టినవని ఎంతో ఇష్టంగా చెప్పాడు. అరుగు మీద కండెలు చుడుతున్న ఒక పెద్దామె అంతా విని, "బాగుండాది నాయనా. ఏడాదికోసారి మిద్దె మీదికి చౌడు ఎవురు మోస్తారు? నువ్వొస్తావా?" అంది. అందరూ నవ్వారు. పాపం, అతనూ నవ్వాడు.

ఆమె మాటలో ఎంత విషయముందో తెలియాలంటే మిద్దె గురించి కొంచెం చెప్పాలి. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని జిల్లా ఇది. రాళ్లూ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు, వాటి మీద దూలాలు, దంతెలు, వాటిపై కట్టెలో బండలో పరిచి, ఆకు వేసి, మట్టి మెత్తి, అందరికంటే పైన చౌడు పోస్తారు. చౌడు మట్టి తడిస్తే ఉబ్బి సందులు మూసుకుంటుంది, నీటిని కిందికి దిగనివ్వదు. మందపాటి గోడా, మట్టి కప్పూ మధ్యాహ్నపు వేడిని గంటల తరబడి ఆపుతాయి. వెలుతురు రావడానికీ పొయ్యి పొగ పోవడానికీ పైకప్పులో గవాచి ఉంటుంది. వానొస్తే దాని మీద బండ జరుపుతారు. ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చదవని వాళ్లు చేసిన పని ఇది.

అయితే ఆ చౌడు తనంతట తాను మిద్దె ఎక్కదు. తొలకరికి ముందు చౌడు తవ్వుకుని, గంపకెత్తి, నిచ్చెన మీద మోసుకెళ్లాలి. గోడలు మెత్తాలి. నేల అలకాలి. గంపలు మోసేదీ, అలికేదీ ఎక్కువగా స్త్రీలే. దీనికి కూలి లేదు, లెక్క లేదు. మట్టి ఇల్లు చవక అని చెప్పే అంచనాల్లో ఈ శ్రమ ధర సున్నా. ఏళ్ల తరబడి పొర మీద పొర పోస్తే బరువెక్కిన మిద్దె, ముసురు పట్టినప్పుడు కూలితే ఏమవుతుందో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు. అందుకే చాలామంది స్త్రీలు సిమెంటు స్లాబు కోరుకుంటారు. అది పట్నం మోజు అని మనం తేలిగ్గా తీసిపారేస్తాం. కానీ గంప దించుకోవాలన్న కోరిక మోజు ఎలా అవుతుంది?

ఈ చిక్కు మనదే కాదు. ఈజిప్టులో హసన్ ఫతీ అనే గొప్ప ఆర్కిటెక్టు 1940లలో కొత్త గూర్నా గ్రామాన్ని మట్టి ఇటుకలతో కట్టాడు. పేదల ఇళ్ల గురించి ప్రపంచమంతా ఆలోచించేలా చేసినవాడు. గూర్నా జనంలో చాలామంది ఆ ఊరికి తరలడానికి ఒప్పుకోలేదు. దానికి కారణాలు అనేకం. నాకు గుర్తుండిపోయింది వేరొకటి. ఇంటింటికీ పంపు వస్తే ఆడపిల్లలు బావికి వెళ్లే సందర్భం పోతుందేమోనని ఆయన తన పుస్తకంలో ఆలోచనలో పడతాడు. ఆ ఆలోచనలో కొంత నిజం లేకపోలేదు. బావి దగ్గర కాకపోతే స్త్రీలు కలుసుకునే చోటేది? కానీ ఆ కుండ బరువు ఆయన తల మీద లేదు.

ఇక సర్కారు ఇళ్ల సంగతి. 2020 డిసెంబరు 25న మొదలైన రాష్ట్ర పథకంలో దాదాపు 30 లక్షల ఇళ్లస్థలాల పట్టాలు స్త్రీల పేర ఇచ్చారు. 1985లో వచ్చిన ఇందిరా ఆవాస్ యోజన నిబంధనల్లోనూ ఇల్లు స్త్రీ పేర గానీ, భార్యాభర్తలిద్దరి పేర గానీ ఇవ్వాలని ఉండేది. అనంతపురంలో ఆర్డీటీ సంస్థ కట్టించిన ఇళ్లను స్త్రీల పేరునే రిజిస్టరు చేయించింది. ఇవి పోరాడి సాధించుకున్న మార్పులు, వీటిని తక్కువ చేయను. కానీ కాగితం ఆమె పేరున ఉంది, నక్షా మాత్రం ఎవరో గీశారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. 2024లో వచ్చిన ప్రభుత్వం మూడు సెంట్లు, రెండు సెంట్లు అని ప్రకటించింది. స్థలం పెరిగితే మంచిదే. నక్షా ఎవరు గీస్తారన్నది అప్పుడూ ఇప్పుడూ ఎవరూ అడగలేదు.

అలాంటి ఇంట్లో గుంత మగ్గం ఎక్కడ పెడతారు? మగ్గానికి పొడుగ్గా ఒక గది కావాలి. గుంత తవ్వడానికి మట్టి నేల కావాలి. ఆ గుంత చల్లదనమూ తేమా లేకపోతే ఈ పొడి గాలికి పోగు తెగుతుంది. తెగిన పోగు అతుకుతూ కూర్చునే సమయానికి కూలి రాదు. 2019-20 జాతీయ చేనేత గణన ప్రకారం చేనేత పనివాళ్లలో 72 శాతం స్త్రీలు. (ఆ సంఖ్యలో ఈశాన్య రాష్ట్రాల వాటా పెద్దది. ఐనా మన దగ్గర కండె చుట్టే చేతులు ఎవరివో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.) అంటే చేనేత స్త్రీకి ఇల్లే కార్ఖానా. నక్షాలో అది పడకగది, వంటగది మాత్రమే.

రాత్రి మాట కూడా చెప్పాలి. పగలంతా కాగిన పల్చటి స్లాబు రాత్రి ఆ వేడినంతా లోపలికి వదులుతుంది. మగవాళ్లు వీధిలో, మిద్దె మీద మంచం వేసుకుంటారు. ఊరి చివర, వీధి దీపాలు లేని కాలనీలో స్త్రీలు తలుపు వేసుకుని లోపలే పడుకుంటారు. వేడి అందరికీ ఒకటే కాదు.

మరి ఏం చేయాలి? పాత మిద్దెను పడగొట్టకుండా బాగుచేయవచ్చు. కానీ పథకాల లెక్కలో మట్టి కప్పు ఉంటే కచ్చా ఇల్లే. పీఎంఏవై గ్రామీణ్ డబ్బు కొత్త ఇంటికి వస్తుంది, దంతెలు మార్చుకోవడానికి రాదు. నాకిది ఘోరమైన వృథాగా కనిపిస్తుంది. కేరళలో లారీ బేకర్ స్లాబులో వేడి తగ్గడానికి పనికిరాని పెంకులను మధ్యలో పేర్చి కాంక్రీటు ఆదా చేశాడు. ఇటుకలను నిలబెట్టి గోడ మధ్యలో ఖాళీ వదిలాడు. కొనుక్కునే తాహతును బట్టి, ఉండేవాళ్లను అడిగి కట్టాడు. ఉరవకొండలో రాతి గోడలు అలాగే ఉంచి, పైన బరువు తగ్గించి, ఏటా చౌడు మోయనక్కర్లేని కప్పు వేయడం మన ఇంజనీర్లకు అసాధ్యమేమీ కాదు.

ఆ రోజు ఆర్కిటెక్టు వెళ్లిపోయాక కొందరు స్త్రీలను మీ ఇల్లు మీరే గీయమన్నాను. సుద్దముక్కతో నేల మీద గీశారు. మొదట గీసింది మగ్గం. తర్వాత జాలాడి, దానికి తలుపు. వంటింటి కిటికీ పడమట వద్దన్నారు, ఆషాఢం గాలికి పొగంతా ఇంట్లోకే కొడుతుందని. గవాచి ఉండాలన్నారు. చౌడు వద్దన్నారు. ఒక కోడలు చాలాసేపు ఊరుకుని, చివర్లో అరుగును కాస్త వెడల్పు చేసింది. ఎందుకమ్మా అంటే, "పక్కింటోళ్లు వస్తే కూచోను యాడుంది అక్కా" అంది.

గ్రామసభల్లో ఇళ్ల జాబితా చదివేటప్పుడు మన సంఘాల వాళ్లు పేర్లు సరిచూసుకుని వచ్చేస్తున్నారు. నక్షా కూడా అడిగి తెప్పించండి. పునాది తీయకముందే.