శౌఖ్ ఒకరిది, ఝాడూ ఇంకొకరిది

మన ఇళ్లల్లో పిల్లికి ఇజాజత్ తొందరగానే దొరుకుతుంది. కుక్కపిల్లను ఎత్తుకొస్తే గడప దగ్గరే ఆపేసే నానీమా, పిల్లికూనను చూస్తే మాత్రం దుపట్టా అంచుతో ఒళ్లు తుడిచి పక్కన కూచోబెట్టుకుంటుంది. నమాజు చదువుతుంటే జానమాజ్ మీదుగా నడిచిపోయినా ఎవరూ కసురుకోరు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ నీళ్ల గిన్నెను పిల్లి తాగేందుకు వీలుగా వంచి, ఇది నాపాక్ కాదని హుజూర్ (స) చెప్పారని కోడలికి వివరించిన హదీసు మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

కానీ ఆ హదీసును మనకు కావాల్సినంత మేరకే పట్టుకుంటున్నాం. నాపాక్ కాదన్నది పిల్లిని. దాని మలమూత్రాలను కాదు. మన హనఫీ ఉలమా వాటిని నజాసత్‌గానే లెక్కగడతారు. పిల్లిని ముద్దు చేసే హక్కు ఇంటిల్లిపాదికీ ఉందట. మరి ఆ నజాసత్‌ను తీసే జిమ్మేదారీ ఎవరిది?

ఇదివరకు ఈ సవాల్ లేదు. పిల్లి పెరట్లో మట్టి తవ్వుకుని, పని కానిచ్చి, తనే కప్పెట్టి వచ్చేది. ఇప్పుడు మూడో అంతస్తు కిరాయి ఇంట్లో పెరడెక్కడిది? ఆ మట్టినే డబ్బాలో పోసి మూలన పెడుతున్నాం. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్వర్డ్ లోవ్ అనే ఆయన బూడిద, ఇసుకలకు బదులు తడి పీల్చే బంకమట్టి గుళికలు ఇవ్వడంతో ఈ లిట్టర్ వ్యాపారం మొదలైంది. అది మన అమ్మీలు మొహానికి పూసుకునే ముల్తానీ మిట్టీ జాతి మట్టే. అలా పెరడు ఇంట్లోకి వచ్చేసింది. దాన్ని ఊడ్చే పని కూడా దాంతోపాటే వచ్చి, ఎవరినీ అడక్కుండా ఇంటి ఆడవాళ్ల చేతిలో పడింది.

చాలా ఇళ్లల్లో జరిగేది ఇదే. పిల్లిని తెచ్చేది సాహెబ్‌జాదా. పేరు పెట్టేదీ, రీల్సు తీసేదీ అతనే. డబ్బా చుట్టూ చెదిరిన రవ్వలు ఊడ్చేది మాత్రం అమ్మీ, లేదంటే కొత్త దుల్హన్. ఆ రవ్వలు డబ్బా దగ్గరే ఆగవు. పిల్లి పంజాలకు అంటుకుని హాలుకు, పరుపు మీదకు, జానమాజ్ దాకా వస్తాయి. ప్రతి పొడి రవ్వకూ వస్వసా పడాల్సిన పని లేదు. కానీ నమాజుకు చోటు పాక్‌గా ఉండటం షర్త్ కదా. ఐదు పూటలా ఆ ఫిక్ర్ మోసేది ఎవరో గమనించండి.

ఇది ఒక్క అలసట సంగతే కాదు. ఎలుకను గానీ, పచ్చిమాంసం గానీ తిన్న పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు ఉండొచ్చు. గర్భంతో ఉన్న ఆడమనిషికి అది మొదటిసారి సోకితే కడుపులో బిడ్డ కళ్లకు, మెదడుకు ప్రమాదం. అయితే ఆ గుడ్లు బయటపడిన వెంటనే అంటుకోవు. హానిచేసే దశకు రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ డబ్బా తీస్తే ముప్పు చాలావరకు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి దుల్హన్ పెట్‌సే ఉందని తెలియగానే పిల్లిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలి రావడం జుల్మ్. ఆమె చేతిలోని గరిటెను షోహర్ తీసుకుంటే చాలు. ఖసాయి దుకాణం నుంచి తెచ్చే ఛీఛడేను ఉడికించి పెట్టాలి. పచ్చి ఖీమా ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లి కన్నా ఆ దారిలో సోకే వీలు తక్కువేం కాదు.

పని తెలియక చేసే నష్టం కూడా ఉంది. వాసన వస్తోందని చాలామంది ఫినాయిల్ పోస్తారు. అందులోని ఫినాల్ జాతి రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడినేల మీద నడిచి పంజాలు నాకిందంటే విషం కడుపులోకి పోయినట్టే. బ్లీచింగ్ పౌడర్ మూత్రంలోని అమోనియాతో కలిస్తే మనుషుల ఊపిరికే ముప్పు. తడిని ముందు గుడ్డతో అద్ది తీయాలి, రుద్దకూడదు. పిల్లి మూత్రంలోని యూరిక్ యాసిడ్ మామూలు సబ్బుకు పూర్తిగా పోదు. అందుకే వానాకాలం గాలి తేమెక్కగానే బద్‌బూ మళ్లీ లేస్తుంది. దానికోసం ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతున్నాయి.

చెదరడం తగ్గించడానికి ఖర్చేమీ పెద్దగా లేదు. పిల్లి ఒంటి పొడవుకు ఒకటిన్నర రెట్లుండే, అంచులు ఎత్తుగా, ఒకవైపు మాత్రం కిందికి ఉన్న డబ్బా. లోపల రెండు మూడు అంగుళాల మట్టి, అంతకు మించి పోస్తే తవ్వినప్పుడు బయటికే వస్తుంది. ముందు నాలుగడుగులు వేసేంత గరుకు పట్టా. నీళ్లు చిమ్మే బాత్రూంలో డబ్బా పెడితే చుట్టూ బురదే. గాలి ఆడే పొడి మూల వెతకండి, వంటింటికీ జానమాజ్‌కూ దూరంగా. వాడిన మట్టిని కమోడ్‌లో పోయొద్దు, ఉబ్బి పైపు మూసుకుపోతుంది. సంచిలో మూతి కట్టి చెత్తబండికి ఇవ్వండి.

డబ్బా చుట్టూ గలీజుగా ఉంటే పిల్లి అందులోకి వెళ్లడం మానేసి మూలల్లో పోస్తుంది. అప్పుడు కసూర్ దాని మీద పడుతుంది. దెబ్బలు తింటుంది, చివరికి వీధిపాలవుతుంది. డబ్బా సాఫ్‌గా ఉన్నా బయట పోస్తున్నా, ముక్కుతూ మూత్రం రాక ఏడుస్తున్నా అది జిద్దు కాదు, బీమారీ. మగపిల్లికైతే గంటలు కూడా కీలకమే, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఈ తేడా పసిగట్టగలిగేది రోజూ ఆ డబ్బా చూసేవాళ్లే.

‘ఆడవాళ్లు ఎలాగూ ఇల్లు ఊడుస్తారుగా, ఇదెంత?’ అంటారు కొందరు. ‘పనామె ఉందిగా’ అంటారు ఇంకొందరు. పనామెతో మాట్లాడుకున్నది మన ఇల్లు ఊడవడానికి. మన శౌఖ్ తాలూకు మలం ఎత్తడం అందులో లేదు. ఇక ఇంటిపని మగవాళ్లకు తౌహీన్ అనుకునేవాళ్లు, హుజూర్ (స) తన చెప్పులు తానే బాగుచేసుకునేవారనీ, ఇంటిపనిలో చెయ్యి వేసేవారనీ బయానుల్లో ఎన్నిసార్లు విన్నారో లెక్కేసుకోవాలి. విన్నదాన్ని ఈ నాలుగడుగుల నేల మీద అమల్లో పెట్టమనే నేనంటున్నది.

కాబట్టి పిల్లి కావాలని జిద్దు చేసే పిల్లలకు ఇజాజత్ ఇచ్చే ముందే షర్త్ పెట్టండి. ఫజర్ తర్వాత ఐదు నిమిషాలు, ఇషా తర్వాత ఐదు నిమిషాలు. గరిటెతో తీయడం, పట్టా దులపడం, చుట్టూ ఊడ్చి తడిగుడ్డ పెట్టడం, చేతులు కడుక్కోవడం. వారానికోసారి డబ్బా ఖాళీ చేసి సబ్బునీళ్లతో కడగడం. బేటా అయినా సరే, బేటీ అయినా సరే, తెచ్చినవాళ్లే. చిన్నపిల్లలైతే వాళ్లతోపాటు అబ్బా కూడా. అది కుదరదంటే పిల్లి తేవడం కుదరదని చెప్పండి. ఆ బేజుబాన్‌కూ మేలే, అమ్మీ నడుముకూ మేలే.